పొరపొరలో వెచ్చదనం

బయట మైనస్ 30 డిగ్రీలు. ఒంట్లో 37. ఆ 67 డిగ్రీల తేడాకి అడ్డంగా నిలిచేది నాలుగు వేళ్ల మందం కూడా లేని బట్టలే! షికాగో, మినియాపొలిస్, టొరంటో, విన్నిపెగ్... ఏటా జనవరిలో ఈ ఊళ్లలో విమానం దిగే మన పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ, కందిపొడి భద్రంగా ఉంటాయి. చలి బట్టల దగ్గరకొచ్చేసరికే లెక్క తప్పుతుంది. ‘రెండు స్వెట్టర్లూ వేసుకున్నావా నాన్నా?’ అని ఇక్కణ్నుంచి అమ్మ అడుగుతుంది. ‘ఆఁ, వేసుకున్నా’ అంటాడు కొడుకు. ఎన్ని వేసుకున్నాడన్నది చిన్న ప్రశ్నే. ఏది లోపల, ఏది పైన, ఏది ఎప్పుడు విప్పాలి అన్నదే పెద్ద ప్రశ్న.

ఆ చలి వేరు

మనకు చలి తెలియదని కాదు. లంబసింగిలో పొగమంచు చూడటానికి తెల్లవారుజామునే జనం బారులు తీరతారు. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో డిసెంబరు వచ్చిందంటే ఇంటింటి ముందూ నెగళ్లు వెలుగుతాయి. కానీ మన చలికి ఓ హద్దుంది. పొద్దెక్కేసరికి ఎండొస్తుంది, స్వెట్టరు చంకకెక్కుతుంది. ఉత్తర అమెరికా చలికి ఆ మొహమాటం లేదు. ఎండ కాస్తూనే ఉంటుంది, ముక్కు గడ్డకడుతూనే ఉంటుంది.

2019 జనవరి 30నే తీసుకోండి. ఆ ఉదయం షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 30కి దిగింది. గాలి తోడవడంతో ఒంటికి అది దాదాపు మైనస్ 47లా తగిలింది. మంచుకూ వానకూ ఆగదని పేరున్న అమెరికా తపాలా శాఖే చాలా రాష్ట్రాల్లో ఆ రోజు ఉత్తరాల బట్వాడా ఆపేసింది. అలాంటి పూట బస్సు కోసం పావుగంట నిలబడాల్సి వస్తే, ఏం వేసుకున్నామన్నది సోకు సంగతి కాదు, వేళ్లు దక్కించుకునే సంగతి.

వేడి పుట్టేది ఒంట్లోనే

చాలామంది కోటు వేడినిస్తుందనుకుంటారు. హాట్‌బాక్సు ఇడ్లీలను ఉడికించదు కదా! లోపల ఉన్న వేడిని బయటికి పోనివ్వదు, అంతే. బట్టలూ అంతే. వేడి పుట్టించేది మనం తిన్న తిండి, మన కండరాల కదలిక. ఆ వేడి నాలుగు దారుల్లో పోతుంది. చల్లని వస్తువును ముట్టుకుంటే దానిలోకి పోతుంది. గాలి వీస్తే దాంతోపాటు కొట్టుకుపోతుంది. ఏమీ తగలకపోయినా కిరణాలుగా బయటికి వెళ్లిపోతుంది. చెమట ఆరితే ఆవిరితో కలిసి పోతుంది.

ఈ దారులకు అడ్డుకట్ట వేసే సరుకు అన్నిటికంటే చవకైనది: కదలని గాలి. ఉన్నిలోనైనా, బాతు ఈకల్లోనైనా చలిని ఆపేది ఆ పోగుల మధ్య చిక్కుకున్న గాలే. ఆ ఖాళీల్లోకి నీళ్లు చేరాయో, కథ అడ్డం తిరుగుతుంది. నిలిచి ఉన్న గాలికంటే నీళ్లు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. బిగుతుగా ఉండే ఒక్క మందపాటి కోటుకంటే వదులుగా ఉండే మూడు పలచని పొరలు మేలనడం ఇందుకే. పొరకీ పొరకీ మధ్య కూడా గాలి నిలుస్తుంది, పైగా వేటికవి విప్పుకోవచ్చు.

మూడు పొరలు, మూడు పనులు

మొదటి పొర ఒంటికి అంటుకుని ఉండేది. మనం థర్మల్స్ అంటాం. దీని పని వెచ్చదనంకంటే ముందు చెమటను లాగి బయటికి నెట్టడం. మెరినో ఉన్ని, పాలియెస్టర్, పట్టు ఇందుకు పనికొస్తాయి. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. మనకు ప్రాణమైన నూలు బనీను మాత్రం ఇక్కడ పనికిరాదు. మే నెలలో నూలు హాయినిచ్చేది చెమటను పీల్చి, పట్టి ఉంచి, మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టే. ఆ గుణమే మైనస్ చలిలో పగవాడవుతుంది. జీన్స్ ప్యాంటుదీ ఇదే కథ. మంచులో తడిస్తే కాళ్లకు చల్లని రేకులా అతుక్కుంటుంది.

రెండో పొర వేడిని పట్టి ఉంచేది. ఉన్ని స్వెట్టరు, ఫ్లీస్, బాతు ఈకల జాకెట్లు ఈ కోవలోవి. పాలియెస్టర్‌తో చేసే ఫ్లీస్‌ను అమెరికాలోని మసాచుసెట్స్‌లో మాల్డెన్ మిల్స్ 1979లో తెచ్చింది. తేలిక, తడిసినా త్వరగా ఆరుతుంది. దాని లోపమల్లా గాలికి ఆగకపోవడం. బరువుతో పోలిస్తే ఈకల జాకెట్‌ను మించిన వెచ్చదనం లేదు. అయితే తడిస్తే ఈకలన్నీ ముద్దకట్టుకుని అది ఉత్త సంచిలా వేలాడుతుంది. తడి మంచు కురిసే ఊళ్లలో కృత్రిమ పోగులు నింపిన జాకెట్లే నయం.

మూడో పొర గాలికీ మంచుకీ అడ్డం. బయటి తడి లోపలికి రాకూడదు, లోపలి ఆవిరి బయటికి పోవాలి. ఈ రెండూ ఒకే బట్టలో కుదరవని ఒకప్పుడు అనుకునేవారు. 1969లో అమెరికా ఇంజినీరు బాబ్ గోర్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని మెల్లగా లాగి లాగి విసిగిపోయి, ఒక్క ఊపున గుంజాడు. తెగిపోతుందనుకున్న కడ్డీ సాగి, కంటికి కనపడని సూక్ష్మ రంధ్రాలతో నిండిన పదార్థంగా మారింది. నీటి చుక్క దూరలేదు, ఆవిరి మాత్రం దూరిపోతుంది. గోర్‌టెక్స్ పుట్టుక అదీ.

ఇక తొడుక్కునే వరస. పొద్దున బయల్దేరేవాళ్లు గుమ్మం దగ్గర ఏం చేస్తారో చూడండి. థర్మల్ చొక్కాను థర్మల్ ప్యాంటులోకి దోపుతారు, వంగినప్పుడు నడుం దగ్గర గాలి దూరకుండా. మేజోళ్లను ప్యాంటు అంచుమీదికి లాగుతారు. బూట్లు తొడిగి లేసులు కడతారు, కానీ బిగించరు. మఫ్లర్ కొసలను కోటు లోపలికి తోసి, అప్పుడు జిప్పు గడ్డం దాకా లాగుతారు. తాళంచెవి, బస్సు కార్డు చేతికందే జేబులోకి మారుస్తారు. చేతితొడుగులు ఆఖర్న. కోటు చేతుల కింద తొడుగుల అంచులు దాగేదాకా సర్దుకుని గాని తలుపు తీయరు. ఇంట్లో హీటరు నడుస్తుంటే ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆలస్యమైతే గడప దాటకముందే చెమట మొదలు!

చెమట పట్టిందా, చలి గెలిచినట్టే

చలిలో చెమటేంటని నవ్వొచ్చు. కొత్తగా వెళ్లినవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఉన్నవన్నీ తొడిగేసి పరుగున బస్సెక్కుతారు. బస్సులో వెచ్చగా ఉంటుంది. జిప్పు తీయరు, టోపీ తీయరు. ఇరవై నిమిషాలకు వీపు తడుస్తుంది. దిగగానే ఆ తడిని చలిగాలి పట్టుకుంటుంది. ‘మూడు స్వెట్టర్లు వేసుకున్నా వణుకు ఆగట్లేద’ని ఇంటికి ఫోన్ వస్తుంది.

అమెరికాలో ఎడీ బాయర్ అనే క్రీడాసామగ్రి వ్యాపారి కథ దీనికి మంచి సాక్ష్యం. చలికాలంలో చేపల వేటకు వెళ్లి, బరువైన చేపల మూటతో ఏటవాలు ఎక్కుతుంటే ఆయనకు చెమట పోసింది. తడిసిన ఉన్ని చొక్కా చలికి బిగుసుకుపోయింది. నిద్ర ముంచుకొచ్చి కూలబడ్డాడు. తోటివాడు ఆదుకోకపోతే అక్కడే ప్రాణం పోయేది. ఆ అనుభవంతోనే 1936లో పక్షి ఈకలను గళ్లు గళ్లుగా కుట్టి జాకెట్ తయారుచేశాడు. 1940లో పేటెంట్ తెచ్చుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా వేసుకుంటున్న ఉబ్బు జాకెట్లకు అది పెద్దన్న.

కాబట్టి చలి దేశాల సూత్రం ఇది: గడప దాటిన మొదటి ఐదు నిమిషాలూ కాస్త చలిగా అనిపించాలి. నడక అందుకునేసరికి ఒళ్లు సర్దుకుంటుంది. అప్పుడే వెచ్చగా ఉందంటే ఎక్కువ తొడిగినట్టే. వీపు చెమర్చేలోగా జిప్పు కిందికి లాగాలి, టోపీ తీయాలి, అప్పటికీ తగ్గకపోతే ఒక పొర విప్పాలి. ఆగినప్పుడు వణుకు వచ్చేదాకా చూడకుండా మళ్లీ వేసుకోవాలి. మంచు ప్రాంతాలకు వెళ్లే సైనికులకు నేర్పే పాఠాలూ నాలుగే: బట్టలు శుభ్రంగా ఉంచు, ఒళ్లు మరీ వేడెక్కనివ్వకు, వదులుగా పొరలు పొరలుగా వేసుకో, పొడిగా ఉండు. మొదటిది విని ముక్కు విరవకండి. జిడ్డు, మురికి పట్టిన బట్టలో గాలి నిలిచే ఖాళీలు పూడుకుపోతాయి.

పాతవాళ్లకు తెలిసిందే

ఈ పొరల చదువు కొత్తదేం కాదు. ఆర్కిటిక్ ఇన్యుయిట్లు కారిబూ అనే ధ్రువపు జింక తోలుతో రెండు చొక్కాలు కుట్టుకునేవారు. లోపలి దాని బొచ్చు ఒంటివైపుకి, పైదాని బొచ్చు బయటికి. మధ్యలో గాలి. నార్వే సాహసి రోల్డ్ అముండ్సెన్ 1903 నుంచి రెండు చలికాలాలు కెనడా ఉత్తర కొసన వాళ్ల పొరుగున గడిపి, ఆ కుట్టునూ, వదులుగా వేసుకునే తీరునూ, చెమట పట్టనివ్వని నడకనూ నేర్చుకున్నాడు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం మీద మొదట కాలుపెట్టింది ఆయన బృందమే.

1924లో ఎవరెస్ట్ మీద కనుమరుగైన జార్జ్ మాలరీ దేహం 1999 మే 1న దొరికింది. ఆయన ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని, పైన గాలి దూరని గాబర్డీన్... ఇలా ఎన్నో పలచని పొరలు కనిపించాయి. 2006లో అచ్చం అలాంటివే కుట్టించి ఎవరెస్ట్ మీద వేసుకుని చూస్తే, తేలిగ్గా, కదలడానికి వీలుగా ఉన్నాయని తేలింది.

మనకూ ఓ గొప్ప కోటుంది: గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని చేత్తో వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరబెడతారు. గొర్రెలకాపరి దాన్ని తల మీదుగా మడిచి ముసుగేసుకుంటే వానకు గొడుగు, రాత్రికి పరుపు, చలికి దుప్పటి. తడిసినా వెచ్చగా ఉంచే ఉన్ని గుణం కోసం వేలు పోసి మెరినో బనీను కొనుక్కుంటున్న మనం, ఇంటి గొంగడిని మాత్రం అటక మీద పెట్టేశాం.

తెలుగు పిల్లలు ఈ చదువులో వెనకబడలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం అబ్బాయి ఆనంద్ కుమార్ భువనగిరి గుట్ట మీద ఓనమాలు దిద్దుకుని, డార్జిలింగ్‌లో, ఆపైన లద్దాఖ్ చలిలో సాధన చేశారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

వేళ్లు, ముక్కు, చెవులు

చలి పెరగగానే ఒళ్లు ఓ నిర్ణయం తీసుకుంటుంది. గుండె, మెదడు వంటి కీలక భాగాలను కాపాడేందుకు చర్మానికీ వేళ్లకూ వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. ముందుగా నష్టపోయేవి చేతివేళ్లు, కాలివేళ్లు, ముక్కు, చెవులు, బుగ్గలు. అందుకే పాదాలు చల్లబడితే ఇంకో జత మేజోళ్లు వెతికేముందు ఛాతీ మీద మరో పొర వేసుకుని, తలకు టోపీ పెట్టాలి. మధ్యభాగం వెచ్చగా ఉంటేనే ఒళ్లు వేళ్లకు రక్తం పంపుతుంది.

చేతులకు ఐదు వేళ్ల గ్లవుజులకంటే నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండే మిటెన్స్ వెచ్చన. లోపల పలచని గ్లవుజు వేసుకుంటే ఫోన్ చూడాలనిపించినప్పుడు చేయి పూర్తిగా బయటపడదు. అన్నట్టు, ఫోన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. సాయం కోసం ఫోన్ చేయాల్సిన సమయంలోనే అది మూగబోతే కష్టం.

బూట్లు కాస్త వదులుగా ఉండాలి. ఇరుకు బూటులోకి రెండు జతల మేజోళ్లు కుక్కితే రక్తం ఆడదు, గాలి నిలవదు. ఒక్క జత మందపాటి ఉన్ని మేజోళ్లు చాలు. ఇంటికి రాగానే బూటు లోపలి అట్టను బయటికి తీసి ఆరబెట్టాలి. లేదంటే నిన్నటి చెమట మీదే ఇవాళ్టి నడక.

మనం నవ్వుకునే మంకీ క్యాప్ నిజానికి మహా తెలివైన టోపీ. చెవులు, గడ్డం, మెడ మూడింటినీ ఒకేసారి కప్పుతుంది. తలలోంచే ఒంటివేడి సగం పోతుందన్న మాట మాత్రం నిజం కాదు. తల మన చర్మంలో పదోవంతే, అక్కణ్నుంచి పోయే వేడీ దాదాపు ఆ లెక్కనే. ఇక ఆడపిల్లలకు ఓ మాట. లోహం చలిని చప్పున పట్టుకుంటుంది. బాగా చలిగా ఉన్న పూట పెద్ద కమ్మలు, ముక్కుపుడక, బిగుతు ఉంగరాలు, మట్టెలు తీసిపెట్టి వెళ్లడం మంచిది. తలస్నానం చేసిన జుట్టు పూర్తిగా ఆరందే గడప దాటొద్దు. మైనస్ 20లో తడి జడ కర్రలా బిగుసుకుంటుంది.

గాలి చేసే మాయ

ఉత్తర అమెరికా వాతావరణ వార్తల్లో రెండు అంకెలు చెబుతారు. ఒకటి ఉష్ణోగ్రత. రెండోది విండ్‌చిల్, అంటే గాలితో కలిసి ఒంటికి తగిలే చలి. 1940ల్లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికా పరిశోధకులు అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, ఎంత గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో చూసి ఈ లెక్కకు పునాది వేశారు. 2001లో అమెరికా, కెనడా దాన్ని సరిదిద్దాయి. ఆ సూత్రం ప్రకారం మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 33లా తగులుతుంది. కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం అప్పటికే ఉంటుంది. విండ్‌చిల్ మైనస్ 40 దాటితే ఆ గడువు 5 నుంచి 10 నిమిషాలే.

మన బైకు కుర్రాళ్లకూ ఇది వర్తిస్తుంది. లంబసింగి ఘాట్‌లో 5 డిగ్రీల చలిలో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ముఖానికి మైనస్ 1లా తగులుతుంది. అక్కడ స్వెట్టర్‌కంటే దానిమీద వేసుకునే రెయిన్‌కోటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఒళ్లు చెప్పే హెచ్చరికలు

చర్మం, దాని కింది కణజాలం గడ్డకట్టడమే ఫ్రాస్ట్‌బైట్. మొదట సూదులు గుచ్చినట్టుంటుంది, తర్వాత ఏమీ తెలియదు. నొప్పి పోయిందని సంబరపడితే అంతే సంగతులు! బుగ్గ మీదో, ముక్కు కొసనో తెల్లగా, మైనం పూసినట్టు చిన్న మచ్చ కనిపిస్తుంది. మన చామనఛాయ ఒంటిమీద అది బూడిదరంగులో పాలిపోయినట్టు ఉంటుంది, ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. ఎవరి ముఖం వాళ్లకు కనపడదు కాబట్టి, ఇద్దరు కలిసి వెళ్తే ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలి.

అలా అయిన చోట రుద్దకూడదు. మంచుతో రుద్దడం మరీ ప్రమాదం. మంట దగ్గర, హీటరు దగ్గర పెట్టకూడదు. స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలియదు. లోపలికి వెళ్లి 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వైద్యసాయం తీసుకోవాలి. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పదనుకుంటే అసలు కరిగించకపోవడమే మేలు. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకంటే తగ్గితే అది హైపోథర్మియా. ఎడతెగని వణుకు, మాట తడబడటం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, తూలడం దాని గుర్తులు. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే పరిస్థితి విషమించినట్టు. ఆ దశలో కొందరు వేడిగా ఉందంటూ బట్టలు విప్పేస్తారు. వెంటనే అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, ముందు ఛాతీని వెచ్చబరచాలి. తెలివిలో ఉంటే తియ్యని వేడి పానీయం ఇవ్వొచ్చు. మద్యం మాత్రం వద్దు. చర్మానికి రక్తం తోడి వెచ్చగా ఉన్న భ్రమ కలిగిస్తుంది, లోపలి వేడిని బయట పారబోస్తుంది.

హైపోథర్మియాకు మైనస్ డిగ్రీలే అక్కర్లేదు. 3,583 మీటర్ల ఎత్తున ఉన్న కేదార్‌నాథ్‌కు నూలు పంచె, నూలు చీరతో బయల్దేరే మన యాత్రికులు ఇది గుర్తుంచుకోవాలి. 5 డిగ్రీల్లో వాన, దానికి తోడు గాలి... గడ్డకట్టే చలికంటే ఇదే ఎక్కువమందిని ఏమరుపాటున దెబ్బకొడుతుంది. మంచి రెయిన్‌కోటు, ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఒక పొడి జత బట్టలు ఉంటే చాలా గండాలు తప్పుతాయి.

పిల్లలు, పెద్దలు

అమెరికాలో, కెనడాలో ఉన్న అమ్మానాన్నలు తరచూ చేసే పొరపాటొకటుంది. పసివాళ్లకు ఉబ్బు జాకెట్ వేసి, దానిమీదే కారుసీటు బెల్టు బిగిస్తారు. ప్రమాదం జరిగితే జాకెట్ అణిగిపోయి బెల్టు వదులవుతుంది, బిడ్డ జారిపోవచ్చు. పలచని ఫ్లీస్ వేసి, బెల్టు బిగించి, ఆపైన దుప్పటి కప్పాలి.

మనవళ్లను చూడటానికి వెళ్లే పెద్దవాళ్లలో చాలామందికి మధుమేహం ఉంటుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఫ్రాస్ట్‌బైట్ మొదలైనా తెలియదు. ఇంటికి రాగానే వేళ్లు కంటితో చూసుకోవాల్సిందే. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు సరదాకైనా పారతో మంచు ఎత్తొద్దు. చలికి బిగిసిన రక్తనాళాలకు ఆ శ్రమ తోడైతే గుండె మీద భారం పడుతుంది. ఇక్కడైనా అక్కడైనా తలుపులు మూసిన గదిలో కుంపటి, మూసిన గ్యారేజీలో కారు ఇంజను వద్దే వద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక్కడ ఏం కొనాలి? అక్కడ ఏం కొనాలి?

ఇక్కడ: రెండు మూడు జతల థర్మల్స్, ఉన్ని మేజోళ్లు, ఒక ఫ్లీస్, మంకీ క్యాప్, మఫ్లర్, పలచని గ్లవుజులు. విమానం దిగి గది చేరేదాకా గాలికి ఆగే ఒక జాకెట్. వీటిని చేతిసంచిలోనే పెట్టుకోవాలి. సూట్‌కేసు రావడం ఆలస్యమైతే ఒంటిమీద ఉన్నదే దిక్కు.

అక్కడ: పెద్దకోటు, మంచుబూట్లు, మిటెన్స్. ఆ ఊరి చలికి తగినవి ఆ ఊళ్లోనే దొరుకుతాయి. కొత్తవాటి ధర చూసి కళ్లు తిరిగితే, వాడిన బట్టలు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లున్నాయి. కోటు పిరుదుల కిందికి దిగాలి, లోపల ఫ్లీస్ వేసుకుని చేతులు పైకెత్తితే పట్టేయకూడదు, తలముసుగు ఉండాలి. మంచు మీద ఎండ కాస్తే కళ్లు దెబ్బతింటాయి కాబట్టి చలువ కళ్లజోడు కూడా కొనాలి.

ఇంత జాబితాలోనూ డబ్బుతో దొరకనిది ఒకటుంది: ఒంటిని గమనించుకునే అలవాటు. మొదటి చలికాలం అందరూ కోటు కొనుక్కుంటారు. జిప్పు ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎక్కించాలో తెలిసేసరికి రెండో చలికాలం వచ్చేస్తుంది. ఆ రెండో ఏడాది తెలివిని సూట్‌కేసు సర్దుకునేటప్పుడే తెచ్చుకుంటే, అమ్మ పెట్టిన ఆ రెండు స్వెట్టర్లకీ పని దొరుకుతుంది.